బాలింత జుట్టు, పద్నాలుగో వారం

అనంతపురం సీమలో కాన్పయిన మూడు నెలలకు చాలామంది తల్లులకు జుట్టు రాలడం మొదలవుతుంది. దువ్వితే దువ్వెన నిండా వస్తుంది, తలంటుకుంటే జాలారి దగ్గర ఉండ కడుతుంది, నుదుటి పైనా కణతల దగ్గరా నెత్తి కనబడుతుంది. చిక్కు వెంట్రుకలు గోడ సందులో దాచి, వీధిలోకి వచ్చే వెంట్రుకల వాళ్లకు వేసి గిన్నో డబ్బానో తీసుకునే ఇళ్లలో ఈ మార్పు ఇంకా బాగా తెలుస్తుంది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లిన పిల్ల మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకుని అత్తింటికి తిరిగొచ్చే రోజులు కూడా ఇవే కాబట్టి కారణాలకు కొదవ ఉండదు. ఊరు మారింది, నీళ్లు మారాయి, బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, పుట్టింటి తిండి పోయింది, దిష్టి తగిలింది, బిడ్డ తల్లి మొహం గుర్తుపట్టి నవ్వడం మొదలుపెట్టింది, పాలు తాగి తాగి తల్లిని పీల్చేసింది. ఇంట్లో ఎవరికి తోచిన కారణం వాళ్లు చెబుతారు. వినాల్సింది మాత్రం ఆ పిల్ల ఒక్కతే.

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. ఒకరు అవ్వ, ఇంటి కాన్పులు చేసిన కాలపు మంత్రసాని. మరొకరు నర్సమ్మ, ఊరి ఉపకేంద్రంలో టీకాలు వేసే మనిషి. వీళ్లను ఫలానా ఊరివాళ్లని చూపించలేను. 2022 ఏప్రిల్‌లో రెండుగా విడిపోయిన ఈ పాత జిల్లా అంతటా ఎదురెదురుగా నిలబడి ఉన్న రెండు వాదాలకు నేనిచ్చిన గొంతులివి. నేనెటు మొగ్గుతానో దాచను, నర్సమ్మ వైపే. అయితే అవ్వ వాదంలో నిజం చాలా ఉంది. దాన్ని పూర్తిగా వినకుండా నర్సమ్మ మాట నిలబడదు కాబట్టి మొదటి మాట అవ్వకే ఇస్తున్నాను.

అవ్వ: పాపా, కాన్పయినాక జుట్టు పోవడం రోగం కాదు. మా అమ్మకు పోయింది, నాకు పోయింది, నా చేతుల మీద కనినోళ్లందరికీ పోయింది. బిడ్డ పాకే నాటికి నుదుటి మీద పొట్టి వెంట్రుకలు లేస్తాయి, ఏడాది తిరిగేసరికి జడ జడ మాదిరి అయితాది. దానికి పేరు పెట్టి, పరీక్ష పెట్టి, మాత్ర పెడితే లేని రోగం అంటగట్టినట్టే. బాలింత ఒళ్లు ముందే పచ్చిగా ఉంటాది, మనసు అంతకంటే పచ్చిగా ఉంటాది. అట్లాంటి పిల్లకు నీకేదో తక్కువైందని చెప్తే రాత్రి నిద్ర కూడా పోతాది. కదిరి నరసింహసామికి, తిరుమల కొండకు మొక్కుకుని ఆడోళ్లు తలనీలాలు ఇచ్చొస్తారు. మొత్తం తీసినా మళ్లీ వస్తాది కదా, రాలిన నాలుగు వెంట్రుకలు రావా? ఇంట్లో నెమ్మదిగా ఉండనిచ్చి, నూనె రాసి, వేళకు కూడు పెడితే చాలు. దాన్ని దాని మానాన వదిలేయండని నేనంటా ఉండేది.

నర్సమ్మ: అవ్వా, నువ్వు చెప్పిన దాంట్లో సగానికి పైగా నేనూ ఒప్పుకుంటాను. నీ కళ్లు చూసిందే పుస్తకాలూ చెబుతున్నాయి. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. మామూలు రోజుల్లో వాటిలో నూటికి 85 నుంచి 90 పెరుగుతూ ఉంటాయి, మిగిలినవి విశ్రాంతి దశలో ఉంటాయి. విశ్రాంతి దశ సుమారు మూడు నెలలు. అది తీరిన వెంట్రుక ఊడి, అదే కుదురులో కొత్తది మొలుస్తుంది. అందుకే ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 దాకా రాలుతాయి, ఎవరూ పట్టించుకోరు. గర్భం నిలిచినప్పుడు ఈస్ట్రోజెన్ వంటి హార్మోన్లు పెరిగి, రాలవలసిన వెంట్రుకలను కూడా పెరిగే దశలోనే ఆపుతాయి. కడుపుతో ఉన్నప్పుడు జడ లావుగా కనబడేది అందుకే. కాన్పుతో ఆ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, ఆగి ఉన్న వెంట్రుకలన్నీ ఒకే సమయంలో విశ్రాంతి దశలోకి వెళతాయి. ముంగారు వాన పడ్డ వారంలో ఊరంతా ఒకేసారి శెనక్కాయ విత్తితే ఊరంతా ఒకేసారి పీకాల్సి వస్తుంది కదా, అట్లా. విశ్రాంతికి మూడు నెలలు పడుతుంది కాబట్టి రాలడం మూడో నెల చివర్లో బయటపడుతుంది. గర్భిణుల్లో, బాలింతల్లో ఏ దశలో ఎన్ని వెంట్రుకలున్నాయో లిన్‌ఫీల్డ్ అనే పరిశోధకురాలు 1960లోనే లెక్కించి ఈ మార్పు చూపించింది. మరుసటి ఏడాది, 1961లో, అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ ఇట్లా ఒక్కసారిగా రాలడానికి టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు పెట్టాడు. జ్వరం, పెద్ద ఆపరేషన్, ఎక్కువ రక్తం పోవడం, తిండి బాగా తగ్గడం, వీటి తర్వాత కూడా రెండు మూడు నెలలకు ఇదే జరుగుతుంది.

ఇది తెలిస్తే ఇంట్లో చెప్పుకునే కారణాల్లో చాలావాటికి జవాబు దొరుకుతుంది. బోరు నీళ్లే కారణమైతే అదే నీళ్లు పోసుకునే మొగుడికి, అత్తకు, ఆడబిడ్డకు కూడా అదే నెలలో గుప్పెళ్లు గుప్పెళ్లు రాలాలి. ఉప్పు నీళ్లు వెంట్రుకను బిరుసు చేస్తాయి, చిక్కు పెంచుతాయి, మధ్యలో తెంపుతాయి. వేరుతో ఊడిన వెంట్రుకకు మాత్రం మొదట్లో చిన్న తెల్లటి గుబ్బ ఉంటుంది, చేతిలోకి తీసుకుని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. బిడ్డ నవ్వడమంటావా, పిల్లలు మనుషులను చూసి నవ్వడం నేర్చేది రెండో నెలలో, బాగా గుర్తుపట్టేది మూడు నాలుగు నెలల్లో. రెండూ ఒకే కాలంలో జరిగాయి కాబట్టి ఒకదానికి ఇంకోటి కారణమనుకున్నారు. పాలివ్వడం మీద నింద మాత్రం నేను ఊరుకోలేను. పాలిచ్చినా ఇవ్వకపోయినా ఈ రాలడం వస్తుంది. జుట్టు కోసమని ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు మాన్పిస్తే జుట్టు నిలవదు, బిడ్డ ఆరోగ్యం మాత్రం దెబ్బతింటుంది.

అవ్వ: అయితే నువ్వు నా మాటే గెలిపించినావు. రోగం కాదు, నీళ్లు కాదు, పాలు కాదు, దానంతట అదే పోతాది అన్నావు. మరి వదిలేయడానికి ఏమి అడ్డం? ఇంకేమి చేయాలంటావు?

నర్సమ్మ: రాలడం సహజం, నిజమే. కానీ ఎవరి ఒంట్లో సహజం అని అడగాలి. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తం తక్కువ. గర్భిణుల్లో కూడా సగానికి పైగా అంతే. రక్తం తక్కువగా ఉండి గర్భం దాల్చి, కడుపులో బిడ్డకు ఇనుము ఇచ్చి, మామూలు కాన్పులోనే అర లీటరు దాకా రక్తం పోగొట్టుకుని లేచిన మనిషి మన బాలింత. అదే సర్వేలో ఈ రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు కోతతో జరిగాయి, కోతలో రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. పంట పోయిన ఏడు మొగుడు బెంగుళూరుకు కూలికి పోతాడు, ఇంట్లో మొదట తగ్గేది ఆడమనిషి పళ్లెమే. ఆ ఒంట్లో జుట్టు రాలడం సహజమే అయినా ఆ ఒళ్లు సహజంగా లేదు.

ఇంకో సంగతి ఉంది, నా వాదమంతా దాని మీదే నిలబడింది. కాన్పు తర్వాత ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది, ఆఖరి రాక 42వ రోజున. దాంతో తల్లి మా లెక్కల్లోంచి దాదాపు బయటికి పోతుంది. మూడో నెలలో ఆశా మళ్లీ రావాలి గానీ ఆ రాక బిడ్డ కోసం. జుట్టు రాలడం మొదలయ్యేది ఆ తర్వాత, సుమారు నూరో రోజు దగ్గర. అంటే తల్లి తన ఒంటి గురించి మొదటిసారి గట్టిగా భయపడే రోజుకు ఆమెను చూడవలసిన బాధ్యత ఎవరికీ లేదు. అయితే అదే వారంలో ఆమె మా ముందుకు వస్తుంది. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం బిడ్డకు టీకాలుంటాయి. పద్నాలుగో వారం అంటే 98 రోజులు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని మా ఎదురుగా కూర్చుంటుంది, మేము బిడ్డ తొడ చూస్తాం, కార్డులో రాస్తాం, పంపిస్తాం. ఆ తర్వాత టీకా కోసం మళ్లీ రావాల్సింది తొమ్మిదో నెలలో. నేనడిగేది చిన్నది. ఆ పద్నాలుగో వారం రోజున బిడ్డకు సూది వేసే ముందు తల్లి వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చూడాలి. జుట్టు రాలుతోందా అని ఆమెను అడగాలి. ఆ ప్రశ్న వేస్తే ఆమె మాట్లాడుతుంది.

అవ్వ: ఇంటి కాన్పులన్నీ మీరు ఆసుపత్రికి తీసుకుపోతిరి. మంచిదే, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి లేకపోతే ఎంతమంది చచ్చిపోయిందురో నాకు తెలుసు. మేమైతే కాన్పు చేసి నలభై దినాలు కాదు, బిడ్డ కూర్చునేదాకా ఆ ఇంటికి పోతా వస్తా ఉంటిమి. ఆ రాకడ మీ పద్ధతిలో లేదని ఇప్పుడు నువ్వే ఒప్పుకుంటివి. సరే, ఒకటి అడుగుతా, సూటిగా చెప్పు. రక్తం తక్కువైతేనే జుట్టు రాలుతుందని మీ పుస్తకాలు తేల్చినాయా?

నర్సమ్మ: తేల్చలేదు అవ్వా. ఇనుము తక్కువ కావడానికీ జుట్టు రాలడానికీ సంబంధం ఉందని కొన్ని పరిశోధనలు, లేదని కొన్ని పరిశోధనలు చెప్పాయి. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతకు పడిపోతే జుట్టుకు దెబ్బ అన్న దాని మీద కూడా చర్మవైద్యులు ఏకమాట మీద లేరు. కాబట్టి ఈ మాత్ర మింగితే జుట్టు నిలుస్తుందని నేను ఏ తల్లికీ చెప్పను, చెబితే అబద్ధమవుతుంది. నా మాటకు ఆ సంబంధం అక్కరలేదు. రక్తం తక్కువైన తల్లికి మెట్లెక్కితే ఆయాసం, నిలబడితే కళ్లు తిరగడం, పగలంతా నీరసం, రాత్రి బిడ్డ ఏడిస్తే లేవలేకపోవడం ఉంటాయి. మళ్లీ గర్భం త్వరగా నిలిస్తే తక్కువ రక్తంతోనే ఇంకో కాన్పులోకి పోతుంది. ఇవన్నీ జుట్టుతో పనిలేకుండానే నిజాలు. అయినా ఏ తల్లీ నీరసంగా ఉందని ఉపకేంద్రానికి రాదు. బాలింతకు నీరసం ఉండదా అని ఇంట్లో అనేస్తారు. జుట్టు రాలితే మాత్రం అడుగుతుంది, ఎందుకంటే అది అందరికీ కనబడుతుంది. రక్తం జుట్టుకు కారణమైనా కాకపోయినా, రక్తం గురించి అడగడానికి జుట్టు మనకొక వేళనిస్తోంది.

రక్తం ఒక్కటే కాదు. కాన్పయిన ఏడాది లోపల సుమారు వందలో అయిదుగురికి థైరాయిడ్ గ్రంథి వాచి, మొదట ఎక్కువగా, తర్వాత తక్కువగా పనిచేస్తుంది. తక్కువగా పనిచేసే దశ తరచుగా నాలుగో నెల నుంచి ఎనిమిదో నెల మధ్య వస్తుంది. అప్పుడూ జుట్టు రాలుతుంది, ఒళ్లు బరువెక్కుతుంది, చలి తట్టుకోలేరు, మలబద్ధకం వస్తుంది. ఇవన్నీ బాలింతతనం కింద కొట్టుకుపోతాయి. మనసు సంగతి ఇంకా పెద్దది. భారతదేశంలో కాన్పు తర్వాత వచ్చే మానసిక కుంగుబాటు మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన సమీక్ష ఒకటి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. సుమారు 22 శాతం తల్లుల్లో ఆ కుంగుబాటు ఉందని అది చెప్పింది. నూరుమందిలో ఇరవై ఇద్దరు అవ్వా! అందులో ఎంతమంది నోరు విప్పి మా మనసు బాగాలేదు అన్నారు? బంగారం లాంటి బిడ్డ ఉండగా నీకేం తక్కువ అంటారని భయం. జుట్టు రాలుతోందని చెప్పుకోవడానికి మాత్రం ఆ భయం లేదు. కాబట్టి ఎవరైనా తల్లి జుట్టు గురించి చెబుతూ ఏడిస్తే, జుట్టు కోసం ఇంత ఏడుపా అనకుండా, నిద్ర పడుతోందా, తినబుద్ధి అవుతోందా, బతకబుద్ధి అవుతోందా అని ఆ తర్వాతి ప్రశ్నలు వేయాలి.

ఇక్కడ వాళ్లిద్దరినీ ఒక నిమిషం ఆపి నా మాట చెబుతాను. అవ్వకు మందుల మీద ఉన్న అనుమానం అక్కరలేనిది కాదు, కానీ అది తప్పుడు చోట పడుతోంది. ఈ జిల్లాలో బాలింత జుట్టు పేరుతో డబ్బు లాగుతున్నది ఉపకేంద్రం కాదు, ఉపకేంద్రంలో మాత్ర ఉచితం. లాగుతున్నది సీసాల్లో నూనెలు, షాంపూలు, బయోటిన్ మాత్రలు అమ్మే బజారు. మూడో నెలలో మొదలై, ఆరు నెలల పాటు సాగి, తొలి పుట్టినరోజు నాటికి దానంతట అదే సర్దుకునే విషయానికి నాలుగో నెలలో ఏ నూనె రాసినా ఎనిమిదో నెలలో ఫలితం కనబడినట్టే ఉంటుంది. కాలం చేసిన పనికి సీసా పేరు తెచ్చుకుంటుంది. బయోటిన్ లోపం మామూలుగా తిండి తినేవాళ్లలో చాలా అరుదు, లోపం లేనివాళ్లకు అది జుట్టు పెంచుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ రక్తపరీక్షలను తప్పుదారి పట్టిస్తుందని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2017లో హెచ్చరించింది. అలా తప్పుగా రాగల పరీక్షల్లో థైరాయిడ్‌వి కూడా ఉన్నాయి. జుట్టు కోసం బయోటిన్ మింగుతున్న తల్లికి ఆ జుట్టు కారణంగానే థైరాయిడ్ పరీక్ష చేయిస్తే ఆ ఫలితాన్నే నమ్మలేని పరిస్థితి రావచ్చు. మాత్రలు మానేసి కొన్ని రోజులాగి పరీక్ష చేయించుకోవాలి, డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. మినాక్సిడిల్ లాంటి మందులు పాలిచ్చే తల్లి తనంతట తాను వాడకూడదు. లేని రోగం అంటగడుతున్నారన్న అవ్వ కోపం న్యాయమైనదే, అది ఈ బజారు మీదికి మళ్లాలి. ఇక వాళ్ల మాట.

అవ్వ: రక్తం పట్టాలంటే తిండి పట్టాలి, తిండి సంగతి మాకు విడిచిపెట్టు. పథ్యం ఊరికే పెట్టలేదు పెద్దోళ్లు. వెల్లుల్లి వేసిన కారం, వేడి అన్నం, నెయ్యి, కాయం, తొమ్మిదో దినం నీళ్లు, సాంబ్రాణి పొగ, చెవుల్లో దూది, ఒంటికి నూనె. బాలింత పని ముట్టుకోకుండా ఉండేది ఆ పథ్యం పేరుతోనే. అది కూడా తీసేస్తే మూడో వారానికే చేనికి పంపుతారు. మీ ఎర్ర మాత్రలు వేసుకున్న పిల్లలు కక్కుకుంటా ఉండారు, దొడ్డికి నల్లగా వస్తాదని భయపడతా ఉండారు, సగం మాత్రలు చూరులో పెట్టేస్తా ఉండారు. కనబడకుండా పెట్టిన మాత్ర ఎవరికి రక్తం పడుతుంది చెప్పు.

నర్సమ్మ: పథ్యంలో విశ్రాంతి ఉంది, ఒంటికి మర్దన ఉంది, వేడి కూడు ఉంది, పుట్టింటి చేయి ఉంది. వాటిని తీసేయమని నేను అనను, ఇంకా ఎక్కువ రోజులు ఉండాలంటాను. నాకు పడనివి రెండే. ఒకటి, నీళ్లు తక్కువ తాగమనడం. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువ, ఈ జిల్లా ఎండలో ఆ ఆంక్ష ఏ విధంగానూ మంచిది కాదు. రెండోది, ఆకుకూరలు, పండ్లు, పులుపు నెలల తరబడి దూరం పెట్టడం. మన తిండిలో ఇనుము లేకపోలేదు. రాగులు, ఉలవలు, శెనక్కాయలు, తోటకూర, మునగాకు, అన్నింట్లోనూ ఉంది. కష్టం ఎక్కడంటే ధాన్యాల్లో, పప్పుల్లో ఉన్న ఫైటేట్లు, రాగుల్లో ఉన్న టానిన్లు ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. పట్టేట్టు చేసేది సి విటమిన్, అది ఉండేది నిమ్మలో, జామలో, ఉసిరిలో, మన కొండల మీద కాసే సీతాఫలంలో. అంటే ఇనుమున్న సంగటి పెట్టి, దాన్ని పట్టించే నిమ్మకాయను పథ్యం పేరుతో తీసేస్తున్నాం. రాత్రి నానబెట్టి పులిసిన అంబలి, మొలకెత్తిన రాగుల పిండి, వీటిలో ఆ అడ్డు తగ్గుతుంది. ఇది మన ముసలివాళ్లకు తెలిసిన వంటే. కలిగితే వారానికి ఒకసారి కార్జం, రోజూ గుడ్డు. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, టీలో ఉన్న టానిన్ తిన్న ఇనుమును అడ్డగిస్తుంది. కూలి పనుల దగ్గర అన్నం, టీ ఒకే విరామంలో అయిపోతాయి. ఒక గంట ఎడం పెట్టగలిగితే చాలు.

మాత్ర సంగతి నువ్వు చెప్పింది నిజం, దాన్ని మేము తేలిగ్గా తీసుకున్నాం. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ పద్ధతిలో గర్భంలో 180 రోజులు, కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు రోజుకో మాత్ర, దాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ యాసిడ్. పాలిచ్చే ఆరు నెలలూ మాత్ర వేసుకోవాలని చాలా ఇళ్లలో తెలియనే తెలియదు, కాన్పుతోనే ఆపేస్తారు. దొడ్డికి నల్లగా రావడం ఇనుము వల్ల, ప్రమాదం కాదు, ఆ మాట మాత్ర ఇచ్చేటప్పుడే చెప్పాలి. వాంతి వచ్చేవాళ్లు రాత్రి అన్నం తిన్నాక పడుకోబోయే ముందు వేసుకోవచ్చు, క్యాల్షియం మాత్రతో కలిపి మాత్రం వేసుకోకూడదు. అయినా పడకపోతే, రక్తం బాగా తక్కువగా ఉంటే, ఆసుపత్రిలో నరానికి ఎక్కించే ఇనుము ఉంది. చూరులో పెట్టిన మాత్రకు తిట్టాల్సింది ఆ పిల్లను కాదు. ఎందుకు వేసుకోలేదని అడిగి, ఆమె చెప్పింది విని, పద్ధతి మార్చాలి. ఒక నెల సరిగ్గా వేసుకుంటే హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే వేసుకోవడం లేదన్నా అయ్యుండాలి, ఇంకేదో కారణమన్నా ఉండాలి. అప్పుడు పెద్దాసుపత్రికి పంపాలి.

అవ్వ: నువ్వు అంతా చెప్పినావు గానీ ఒకటి మరిసినావు. ఆ పిల్ల ఏడ్చింది జుట్టు కోసం. నువ్వు మాట్లాడేది రక్తం, గ్రంథి, మనసు. జుట్టును ఎర మాదిరి పెట్టి నీకు కావలసిన పరీక్ష చేసుకుంటా ఉండావు. తలలో పూలు నిలవకపోతే ఆడదానికి ఎట్లుంటాదో నీకు తెలీదా? పెళ్లినాటి జడ చూసుకుని, ఇప్పటి జడ చూసుకుని అద్దం పక్కకు తిప్పేసిన పిల్లకు నీ రక్తం అంకె ఏం ఓదార్పు?

అవ్వ ఈ మాట అనడం న్యాయం. ఆరోగ్య వ్యవస్థ తల్లి చెప్పిన బాధను తనకు అనువైన ఇంకో బాధగా మార్చుకుని, మొదటి బాధకు జవాబివ్వకుండా పంపేయడం చాలా చోట్ల జరుగుతుంది. నర్సమ్మ వాదానికి ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు.

నర్సమ్మ: ఒప్పుకుంటాను. అందుకే మొదటి జవాబు జుట్టుకే ఇవ్వాలి, రక్తం చూడటం రెండోది. ముందు ఆమెకు చెప్పాల్సింది, బట్టతల కావడం లేదు, కుదుళ్లు చావలేదు, రాలిన ప్రతి వెంట్రుక కింద కొత్తది బయలుదేరింది అని. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి నుదుటి మీద పొట్టి వెంట్రుకలు కనబడటానికి కొన్ని నెలలు, అవి జడలో కలవడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుందని నిజం చెప్పాలి. ఆ లోపల వెడల్పు పళ్ల దువ్వెన వాడమనాలి, తడి తల దువ్వొద్దనాలి, బిగించి ముడి వేయొద్దనాలి. పలచగా ఉందని దాచడానికి గట్టిగా లాగి జడ వేస్తే, బరువు సవరం కడితే నుదుటి దగ్గర కుదుళ్లు నిజంగానే దెబ్బతింటాయి. సహజంగా పోయే జుట్టుకు మనం చేసే హాని అక్కడ కలుస్తుంది. కొంచెం పొట్టిగా కత్తిరించుకుంటే ఒత్తుగా కనబడుతుంది, దానికి ఇంట్లో అనుమతి అడగాల్సిన పని లేకుండా అత్త ముందుకు రావాలి. నూనె రాస్తే రాయనీ, మెత్తగా ఉంటుంది, చిక్కు తగ్గుతుంది, తల్లి చేయి తల మీద పడుతుంది. అది జుట్టు మొలిపిస్తుందని మాత్రం ఆశ పెట్టొద్దు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నదీ అంతే. కత్తి తీసేది పైన ఉన్న వెంట్రుకను, కుదురు చర్మం కింద ఉంటుంది.

మొక్కు మాట నువ్వెత్తావు కాబట్టి చెబుతున్నాను. కదిరిలో, తిరుమలలో తలనీలాలిచ్చిన ఆడమనిషి తల ఎత్తుకునే ఇంటికొస్తుంది, ఎందుకంటే ఇచ్చింది తను. ఈ రాలడం తను ఇచ్చింది కాదు. తన ఒళ్లు తన మాట వినడం లేదన్న దిగులు అది. కాన్పులో, పాలివ్వడంలో, నిద్రలో ఇప్పటికే ఆ దిగులు మూడు నెలలుగా పడుతోంది. కాబట్టి మళ్లీ వస్తుందిలే అన్న ఒక్క మాటతో ఆ ఏడుపును మూయకూడదు. ఏడవనిచ్చి, ఆ తర్వాత చెప్పాలి. ఇంకా ఒకటి, అన్ని రాలడాలూ ఇదే కాదు. నాణెమంత చోట్ల నున్నగా మచ్చలు పడినా, నెత్తి ఎర్రబడి పొలుసులు లేచినా, నొప్పి ఉన్నా, ఏడాది దాటినా ఆగకపోయినా అది వేరే విషయం. అప్పుడు అనంతపురం పెద్దాసుపత్రిలో చర్మవైద్యుడికి చూపించాలి. వదిలేయమన్న నీ మాటలో నాకు భయం వేసేది ఇక్కడే. నూటికి తొంభై మందికి అది సరైన మాట కావచ్చు. మిగిలిన వాళ్లెవరో చూడకుండా తెలియదు.

అవ్వ: సరే, పరీక్ష చెయ్. రక్తం తక్కువని తేలింది. గుడ్డు తినమంటావు. అంగన్‌వాడీలో కూర్చోబెట్టి వండి పెడితే ఆ గుడ్డు ఆమె నోట్లో పడుతుంది. ఇంటికి ఇచ్చి పంపితే మొదట పెద్దకొడుకు పళ్లెంలో, తర్వాత మొగుడి పళ్లెంలో పడుతుంది. ఆమె తినిందని ఎవరు చూస్తారు? పెద్దాసుపత్రికి పొమ్మంటావు, ఆ పొద్దు కూలి పోతాది, ఎవరిస్తారు?

నర్సమ్మ: గుడ్డు గురించి నువ్వన్నది అంగన్‌వాడీ పద్ధతి గురించి చేయాల్సిన పెద్ద వాదం. తల్లి కేంద్రంలో కూర్చుని తినే పద్ధతే తల్లికి మేలని నేనూ అనుకుంటాను. నా చేతిలో ఉన్నది తక్కువ. పద్నాలుగో వారం రోజున తల్లితో పాటు అత్తనో మొగుడినో లోపలికి పిలుస్తాను. హిమోగ్లోబిన్ అంకె ఆమెకు ఒక్కదానికే చెప్పను, ఆమె ఒప్పుకుంటే వాళ్ల ముందు గట్టిగా చదువుతాను. 12 ఉండాలి, ఈమెకు ఇంత ఉంది అని చెప్పి తల్లీబిడ్డల కార్డులో బిడ్డ బరువు పక్కనే రాస్తాను. బిడ్డ బరువు తగ్గితే ఇల్లంతా కంగారు పడుతుంది. తల్లి అంకె కూడా అదే కాగితం మీద ఉంటే దాన్ని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. కూలి సంగతికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, అది ఉపకేంద్రంలో తేలేది కాదు. అందుకే నేను కొత్త రోజు అడగడం లేదు. టీకా రోజు ఆమె ఎట్లాగూ వస్తుంది. మొదటి కాన్పుకు మాతృ వందన కింద వచ్చే 5,000 రూపాయల్లో ఆఖరి భాగం కూడా ఈ టీకాలు పూర్తయ్యాకే వస్తుంది, కాబట్టి మానుకునేవాళ్లు తక్కువ. వచ్చిన మనిషిని ఇంకో అయిదు నిమిషాలు కూర్చోబెట్టడానికి ఇంకో పూట కూలి పోదు. ఆ అయిదు నిమిషాలు మేము పెట్టాలి.